ఒంట్లో రక్తం తక్కువ, ఇనుము ఎక్కువ: ఇదెలా సాధ్యం?

రేషన్ బియ్యం కడిగేటప్పుడు నాలుగు గింజలు పైకి తేలితే ‘ప్లాస్టిక్ బియ్యం కలిపేశారు’ అనే మాట తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ గింజలు బియ్యప్పిండితో చేసినవే. పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మిషన్లో మళ్ళీ గింజల్లా ఒత్తి, వంద కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతూ వచ్చారు. అదే ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయికి వారానికో నీలం మాత్ర వస్తుంది. కడుపుతో ఉన్న కోడలికి ఏఎన్ఎమ్ ఎర్ర మాత్రలు ఇచ్చి వెళ్తుంది. చంటిపిల్లాడికి సిరప్ పోస్తారు. ఈ మాత్రలు, సిరప్ ఏళ్ళుగా ఇస్తున్నా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంతకుముందు 2015-16 సర్వేలో అది 53 శాతమే.

దీనికి తోడు ఇంకో తికమక. ఒకే ఊళ్ళో ఒక అమ్మాయికి హిమోగ్లోబిన్ 9 ఉంటే డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తారు. పుట్టుకతోనే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసేమియా జబ్బు ఉన్న పిల్లాడికి 7 ఉంటే రక్తం ఎక్కిస్తారు, ఆపైన ఒంట్లో ఇనుము పేరుకుపోయిందని దాన్ని బయటికి పంపే మందు కూడా రాస్తారు. ‘రక్తం లేదంటారు, ఇనుము ఎక్కువైందంటారు, ఇందులో ఏది నిజం?’ అని ఆ తల్లి అడిగితే తప్పు పట్టలేం. రెండూ నిజమే. ఎలాగో తెలియాలంటే ఇనుము ఒంట్లోకి ఏ దారిన వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడాలి. ఇప్పుడు పేజీన్నరలో చెప్పగలుగుతున్న ఈ సంగతి తేల్చడానికి కొంతమంది పరిశోధకులకు ఉద్యోగ జీవితమంతా పట్టింది.

సీబీపీ చీటీలో ఉండేవి, ఉండనివి

మన దగ్గర కళ్ళు తిరిగినా, లో బీపీ ఉన్నా, ఊరికే నీరసంగా ఉన్నా ‘రక్తం తక్కువ’ అనేస్తాం. వైద్యంలో రక్తహీనత అంటే కొలత ఒక్కటే: హిమోగ్లోబిన్ ఎంత ఉంది? డెసీలీటరు రక్తంలో మగవాళ్ళకు 13 గ్రాములు, ఆడవాళ్ళకు 12, గర్భిణులకు 11 కన్నా తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. నాలుగు నుంచి ఆరు నెలల గర్భిణులకు ఆ గీతను 2024లో 10.5కి దించింది.

హిమోగ్లోబిన్ ఎర్ర రక్తకణంలో ఉండే ప్రోటీన్. ఆక్సిజన్‌ని పట్టుకునే పని దానిలోని ఇనుముది. కాబట్టి ఇనుము చాలకపోతే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. కానీ హిమోగ్లోబిన్ తగ్గిన ప్రతిసారీ కారణం ఇనుమే అనుకోవడానికి లేదు. బి12, ఫోలిక్ యాసిడ్ చాలకపోయినా, కిడ్నీలు దెబ్బతిన్నా, టీబీ లాంటి జబ్బు చాలాకాలం ఉన్నా, పుట్టుకతో హిమోగ్లోబిన్ తయారీలోనే లోపం ఉన్నా అదే అంకె కనిపిస్తుంది. ఎదురు మాట కూడా నిజమే: హిమోగ్లోబిన్ 12.5 ఉన్నా లోపల ఇనుము నిల్వ ఖాళీ అయిపోయి ఉండొచ్చు. వంటింట్లో పని చేసుకుంటూ బియ్యం డబ్బాలోంచి గుప్పెడు పచ్చి బియ్యం తీసుకుని నమలడం, పిల్లల బలపాలు కొరకడం, కొత్త మట్టి వాసనకి నోరూరడం లాంటివి డాక్టర్లు ఇనుము లోపానికి గుర్తులుగా చూస్తారు. వైద్యం మొదలయ్యాక చాలామందిలో హిమోగ్లోబిన్ పెరగకముందే ఆ యావ పోతుంది.

నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్. ఇది ఇనుమును తనలో దాచుకునే ప్రోటీన్. 1937లో లౌఫ్‌బెర్గర్ అనే చెక్ శాస్త్రవేత్త గుర్రం ప్లీహంలో దీన్ని కనిపెట్టాడు. అయితే రక్తపు చుక్కలో దాన్ని కొలిచే పద్ధతి 1972లో గానీ రాలేదు. బ్రిటన్‌లోని కార్డిఫ్ బృందం తెచ్చింది. అంతవరకూ నిల్వ సంగతి తెలియాలంటే ఎముకలోకి సూది దించి మజ్జ తీసి, దానికి నీలం రంగు అద్ది మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. రక్తంలో ఇనుమును మోసుకెళ్ళే ప్రోటీన్ ఇంకొకటి ఉంది, ట్రాన్స్‌ఫెరిన్. తిరుపతిలోని రుయా ఆస్పత్రిలో రాసిన చీటీ అయినా, స్విమ్స్‌లో రాసింది అయినా, సీబీపీ (రక్తకణాల లెక్క చూసే మామూలు పరీక్ష) అని మాత్రమే ఉంటే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ రెండూ అందులో రావు. వాటిని విడిగా రాయాలి.

సంగటి ముద్దలోంచి రక్తంలోకి చేరేది ఎంత

పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు. అందులో మూడింట రెండొంతులు ఎర్ర కణాల్లోనే ఉంటుంది. ఎర్ర కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. చచ్చిన కణాల్లోని ఇనుమును శరీరం పారేయదు, తీసి మళ్ళీ వాడుకుంటుంది. అలా రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు తిరుగుతూ ఉంటుంది. బయటినుంచి కొత్తగా వచ్చేది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములే. పోయేదీ అంతే. అదీ చర్మం పొరలు రాలడం, పేగు గోడ కణాలు ఊడిపోవడం వల్ల పోయేదే. ఎక్కువైన ఇనుమును పనిగట్టుకుని బయటికి పంపే ఏర్పాటు శరీరంలో లేదు. తర్వాత చెప్పబోయే తలసేమియా సంగతికి మూలం ఇదే.

ఒక లెక్క వేద్దాం. పలమనేరులో డిగ్రీ చదివే అమ్మాయి అనుకోండి. పొద్దున రాగి సంగటి, ఊరిబిండి, మధ్యాహ్నం అన్నం, ఆకుకూర పప్పు, సాయంత్రం చెనిక్కాయల చిక్కీ. వంద గ్రాముల రాగుల్లో ఇనుము సుమారు 4.6 మిల్లీగ్రాములు, బెల్లంలోనూ దాదాపు అంతే. రోజంతా కలిపి 12 మిల్లీగ్రాములు తిందనుకుందాం. గింజల్లో ఉండే ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచుతాయి కాబట్టి ఇలాంటి శాకాహార భోజనంలోంచి ఒంటికి పట్టేది చాలా తక్కువ. 5 శాతం అనుకుంటే 0.6 మిల్లీగ్రాములు.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. మామూలుగా పోయేది రోజుకు 0.8 మిల్లీగ్రాములు. నెలసరిలో 40 మిల్లీలీటర్ల రక్తం పోతే, మిల్లీలీటరుకు 0.4 చొప్పున 16 మిల్లీగ్రాములు. 28 రోజులకు పంచితే రోజుకు 0.6 దాకా వస్తుంది. మొత్తం 1.4. వచ్చేది 0.6. అదే నెలసరిలో 80 మిల్లీలీటర్లు పోయే అమ్మాయికైతే ఖర్చు రోజుకు 2 మిల్లీగ్రాముల దగ్గరికి వెళ్తుంది. నిల్వ తగ్గేకొద్దీ పేగు ఎక్కువ పీల్చుకుంటుంది, 5 శాతం కాస్తా 10కి పెరగొచ్చు. అప్పుడు వచ్చేది 1.2 అవుతుంది. మొదటి అమ్మాయికి లోటు 0.2 మాత్రమే, దాదాపు గట్టెక్కినట్టే. రెండో అమ్మాయి గట్టెక్కదు. పప్పులో నిమ్మకాయ పిండితే పట్టే ఇనుము రెండు మూడు రెట్లు పెరగొచ్చు. అన్నం తినగానే టీ తాగితే సగానికి పైగా తగ్గిపోవచ్చు. రాగులకు, బెల్లానికి మనం ఇచ్చే మర్యాద ఎక్కువేనని ఈ లెక్క చూస్తే అనిపిస్తుంది. రాగుల్లో నిజంగా దండిగా ఉండేది కాల్షియం.

గర్భిణి లెక్క ఇంకా కఠినం. తొమ్మిది నెలలకూ కలిపి దాదాపు 1000 మిల్లీగ్రాములు కావాలి. ఏ సంగటీ అంత ఇవ్వలేదు.

ఒకే లోహం మీద ఒక జీవితం

తినేదానిలోంచి ఎంత తీసుకోవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఈ ప్రశ్నకు 1937లో లండన్‌లో మెక్‌కాన్స్, విడోసన్ సగం జవాబు చెప్పారు. ఇనుము బయటికి పోయే దారి లేదు కాబట్టి అదుపు అంతా లోపలికి వచ్చేచోటే ఉండాలి అని. 1939లో అమెరికాలో విపుల్ బృందం రేడియోధార్మిక ఇనుమును కుక్కలకిచ్చి అది ఎక్కడికి పోతోందో వెంబడించి చూసింది. ఇనుమును కళ్ళారా అనుసరించే పద్ధతి అప్పుడు దొరికింది.

ఆ పద్ధతిని మనుషుల మీద చివరిదాకా వాడినవాడు క్లెమెంట్ ఫించ్. 1949లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి హెమటాలజీ (రక్తానికి సంబంధించిన వైద్యం) విభాగాన్ని నిలబెట్టాడు. రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జ రోజుకు ఎంత ఇనుము అడుగుతోంది, అందులో ఎంత కణాలుగా మారి బయటికొస్తోంది, ఎంత మధ్యలోనే వృథా అవుతోంది అని దశాబ్దాల తరబడి కొలుస్తూ పోయాడు. దక్షిణాఫ్రికాలోని థామస్ బోత్‌వెల్‌తో కలిసి పుస్తకాలు రాశాడు. బోత్‌వెల్‌ది ఇంకో కోణం. ఇనప పాత్రల్లో, డ్రమ్ముల్లో కాచిన పులుపు బీరు తాగే ఆఫ్రికన్ల కాలేయాల్లో ఇనుము పేరుకుపోవడాన్ని ఆయన పరిశీలించాడు. మన ఇళ్ళలో ఇనప మూకుట్లో చింతపండు పులుసు కాస్తే నల్లబడుతుంది కదా, రసాయనం అదే.

ఇంతకాలం కొలిచాక ఫించ్‌కి ఒకటి స్పష్టమైంది. ఇనుము లోపలికి రావడాన్ని శాసించేవి రెండు ఉన్నాయి. ఒకటి నిల్వను చూస్తుంది: తక్కువుంటే ఎక్కువ రానిస్తుంది. రెండోది మజ్జ ఆకలిని చూస్తుంది: కణాలు తయారుచేసే పని జోరుగా ఉంటే, నిల్వ నిండుగా ఉన్నా సరే, ఇంకా రమ్మంటుంది. 1994లో, దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో, ఈ రెండిటినీ వివరిస్తూ వ్యాసం రాశాడు. అవి ఏ పదార్థాలో ఆయనకు తెలియదు, అప్పటికి ఎవరికీ తెలియదు. ఉండి తీరాలి అని మాత్రం లెక్క చెప్పింది.

మొదటిది దొరికిన తీరు చూస్తే నవ్వొస్తుంది. లాస్ ఏంజిలిస్‌లో థామస్ గాంజ్ వెతుకుతున్నది క్రిములను చంపే చిన్న ప్రోటీన్ల కోసం. మూత్రంలో ఒకటి దొరికింది, కాలేయంలో తయారవుతోంది. 2001లో దానికి హెప్సిడిన్ అని పేరు పెట్టారు. మూత్రం ఇచ్చిన దాతల్లో ఒకరికి ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు అది దాదాపు వంద రెట్లు పెరిగింది. అదే ఏడాది పారిస్‌లో వేరే జన్యువు మీద పనిచేస్తున్న బృందానికి ఎలుకల్లో ఇనుము విపరీతంగా పేరుకుపోవడం కనిపించింది. ఏమిటా అని చూస్తే ఆ పక్కనే ఉన్న హెప్సిడిన్ జన్యువు మూగబోయింది. ఇనుము గురించి ఏళ్ళ తరబడి అడిగినవాళ్ళకు జవాబు, ఇనుమును వెతకనివాళ్ళ చేతికి చిక్కింది.

హెప్సిడిన్ ఏం చేస్తుందో 2004లో ఎలిజబెటా నెమెత్, గాంజ్ బృందం చూపించింది. తిరుమల వెళ్ళినవాళ్ళకు చెప్పడం సులువు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో జనం కంపార్టుమెంట్లలో కూర్చుని ఉంటారు, గేటు తీస్తేనే ముందుకు కదులుతారు. పేగు కణంలోకి చేరిన ఇనుము పరిస్థితి అదే. రక్తంలోకి పోయే గేటు పేరు ఫెర్రోపోర్టిన్. హెప్సిడిన్ ఆ గేటు మూసేస్తుంది. చచ్చిన ఎర్ర కణాలను విడగొట్టే కణాలకూ అదే గేటు ఉంటుంది కాబట్టి అక్కడా ఇనుము లోపలే ఉండిపోతుంది.

రెండో శాసకుడు 2014లో దొరికాడు, పేరు ఎరిత్రోఫెరోన్. కణాల తయారీ జోరుగా ఉన్నప్పుడు మజ్జ దీన్ని విడుదల చేసి హెప్సిడిన్ నోరు నొక్కుతుంది. ఫించ్ 2010లో కన్నుమూశాడు. మొదటిదాన్ని చూసి వెళ్ళాడు, రెండోది ఆయన పోయిన నాలుగేళ్ళకు వచ్చింది.

మొదట్లో ఆ తల్లి వేసిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. తలసేమియాలో మజ్జ రాత్రింబవళ్ళు కణాలు తయారుచేస్తూనే ఉంటుంది, అవి నిలబడవు, మధ్యలోనే చస్తాయి. హిమోగ్లోబిన్ తక్కువే. కానీ మజ్జ జోరు చూసి హెప్సిడిన్ తగ్గిపోతుంది, గేట్లు బార్లా తెరుచుకుంటాయి, తిండిలోంచి అవసరానికి మించి ఇనుము వచ్చి పడుతుంది. ఆపైన రక్తం ఎక్కిస్తారు. ఒక్కో యూనిట్‌లో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఏడాదికి 25 యూనిట్లు ఎక్కిస్తే తక్కువలో తక్కువ 5 గ్రాములు. పెద్ద మనిషి ఒంట్లో మొత్తం ఉండేదే 3 నుంచి 4 గ్రాములు. అది గుండెలో, కాలేయంలో చేరి వాటిని పాడుచేస్తుంది కాబట్టి ఇనుమును పట్టి బయటికి లాగే మందులు జీవితాంతం వాడాలి.

రాయవేలూరులో జరిగిన పని

చిత్తూరు నుంచి రాయవేలూరు దూరం కాదు. పెద్ద జబ్బంటే అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి, అంటే సీఎంసీకి పోవడం మన తాతల కాలం నుంచీ ఉంది. ఆ ఆస్పత్రిలో సెల్విన్ బేకర్ అనే వైద్యుడు 1960లలో చుట్టుపక్కల పల్లెల్లో పేగు జబ్బులు, రక్తహీనత మీద పనిచేశాడు. పేగు గోడ పాడైతే తిన్న బి12, ఫోలిక్ యాసిడ్ ఒంటికి పట్టవని పల్లె జనాన్ని చూసే చెప్పగలిగారు. గర్భిణులకు ఎంత మోతాదు ఇనుము ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో చేయించిన పరిశీలన ఢిల్లీ, రాయవేలూరుల్లోనే జరిగింది. ఫలితాలు 1975లో వచ్చాయి.

ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ యాసిడ్ కథలో తెలుగువాడే ఉన్నాడు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత చూసిన లూసీ విల్స్, ఇనుముతో తగ్గని ఒక రకం ఈస్ట్ సారంతో తగ్గుతోందని 1930 ప్రాంతంలో గమనించింది. ఆ సారంలోని పదార్థాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి నాయకుడు, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఒకేలా కనిపించే రెండు రిపోర్టులు

ఇవి నేను కల్పించిన రిపోర్టులు, అంకెలు మాత్రం ఆస్పత్రుల్లో రోజూ కనిపించే తీరువే. చంద్రగిరి అమ్మాయికి హిమోగ్లోబిన్ 9.0, ఎర్ర కణాల సంఖ్య 4.1 మిలియన్లు, కణం సైజు చెప్పే ఎంసీవీ 71. శ్రీకాళహస్తి అమ్మాయికి హిమోగ్లోబిన్ 10.6, కణాలు 5.6 మిలియన్లు, ఎంసీవీ 62. ఇద్దరికీ రక్తహీనత ఉంది, ఇద్దరి కణాలూ చిన్నవే. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే ఇద్దరికీ ఐరన్ మాత్రలే రాసేస్తారు.

1973 నుంచి డాక్టర్లు వాడుతున్న మెంట్జర్ లెక్క ఒకటుంది: ఎంసీవీని కణాల సంఖ్యతో భాగించాలి. చంద్రగిరి అమ్మాయికి 71ని 4.1తో భాగిస్తే 17 దాటింది. శ్రీకాళహస్తి అమ్మాయికి 62ని 5.6తో భాగిస్తే 11. 13 కన్నా ఎక్కువైతే ఇనుము లోపం వైపు, తక్కువైతే తలసేమియా జన్యువు మోస్తున్నవాళ్ళ వైపు అనుమానం వెళ్తుంది. ఇనుము లేకపోతే కణాలు చిన్నవవుతాయి, సంఖ్యా తగ్గుతుంది. తలసేమియా మోసేవాళ్ళలో కణాలు చిన్నవే కానీ సంఖ్య దండిగా ఉంటుంది. ఇది అనుమానం వరకే. తేల్చేది మొదటి అమ్మాయికి ఫెరిటిన్, రెండో అమ్మాయికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో వచ్చే హిమోగ్లోబిన్ ఏ2. అది 3.5 శాతం దాటితే సాధారణంగా తలసేమియా జన్యువు ఉన్నట్టు. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఇలా మోస్తున్నవాళ్ళే, చాలామందికి ఆ సంగతే తెలియదు. వాళ్ళకి జబ్బేమీ ఉండదు. ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ మాత్రం పెద్దగా కదలదు. అయితే వాళ్ళలోనూ నిజంగా ఇనుము లోపం రావచ్చు, అప్పుడు మాత్రలు కావాల్సిందే.

ఫెరిటిన్ చదవడంలోనూ ఒక మెలిక ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో 15 కన్నా తక్కువుంటే నిల్వ ఖాళీ అయినట్టు. కానీ ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ ఊరికే పెరుగుతుంది. అప్పుడు పెద్దవాళ్ళకు 70 వరకూ కూడా లోపంగానే చూడాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళలో, టీబీ ఉన్నవాళ్ళలో ఇనుము ఉండి కూడా హెప్సిడిన్ గేటు మూసేయడం వల్ల మజ్జకు అందదు. క్రిములకు ఇనుము దొరక్కుండా శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో 2006లో జాంజిబార్‌లోని పెంబా దీవిలో తెలిసింది. మలేరియా ఎక్కువున్న ఆ చోట చిన్నపిల్లలందరికీ ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఇస్తే, తీవ్రమైన జబ్బులూ మరణాలూ 12 శాతం పెరిగాయి.

రోజూ మింగాలా, రోజు విడిచి రోజా

60 మిల్లీగ్రాముల మాత్ర మింగితే హెప్సిడిన్ పెరిగి దాదాపు ఒక రోజు పాటు అలాగే ఉంటుందని జ్యూరిచ్ బృందం 2015లో చూపించింది. అంటే ఇవాళ మింగిన మాత్ర రేపటి మాత్రకు అడ్డం పడుతోంది. 2017లో అదే బృందం ఇనుము నిల్వ తగ్గిన యువతులకు రోజూ ఇచ్చి, రోజు విడిచి రోజు ఇచ్చి పోల్చింది. రోజూ ఇచ్చినప్పుడు పట్టింది 16.3 శాతం, విడిచి ఇచ్చినప్పుడు 21.8 శాతం.

దీన్ని చూసి రోజు విడిచి రోజు రాసే డాక్టర్లు పెరిగారు. కడుపులో తిప్పడం, మలబద్ధకం తగ్గుతాయి కాబట్టి మాత్రలు అటక ఎక్కకుండా ఉంటాయన్నది వాళ్ళ మాట. ఒప్పుకోనివాళ్ళ వాదనా తీసిపారేసేది కాదు. ఆ యువతులకు రక్తహీనత లేదు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయినవాళ్ళలో హెప్సిడిన్ ఎలాగూ తక్కువే ఉంటుంది, ఆ అడ్డం అంతగా పనిచేయదు. గర్భిణికి చేతిలో ఉన్నది కొన్ని నెలలే. ప్రభుత్వ కార్యక్రమంలో గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు అనే ఉంది.

బలవర్ధక బియ్యం మీద రెండు పక్షాలు

మొదట్లో చెప్పిన, ఇనుము కలిపిన బియ్యం సంగతి ఇది. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక, 2024 మార్చి నాటికి ప్రభుత్వ పథకాల బియ్యమంతా ఇలా కలిపినదే అయింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దీన్ని 2028 డిసెంబరు దాకా పొడిగించింది. కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది నిబంధన. మనిషికి నెలకు 5 కిలోల లెక్కన రోజుకు 167 గ్రాములు. అంటే ఆ బియ్యం ద్వారా రోజుకు వచ్చేది 5 నుంచి 7 మిల్లీగ్రాములు, ఎర్ర మాత్రలో పదో వంతు. పట్టేది అందులోనూ కొద్దే.

మాత్ర మింగమని ఎవరినీ బతిమాలకుండా, రోజూ తినే తిండిలోనే కొద్దికొద్దిగా అందించవచ్చు, మోతాదు చిన్నది కాబట్టి ప్రమాదం తక్కువ, ఖర్చు తక్కువ అని సమర్థించేవాళ్ళు అంటారు. కాదనేవాళ్ళు అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2019 సమీక్షను చూపిస్తారు: ఇనుము కలిపిన బియ్యం వల్ల ఇనుము లోపం కొంత తగ్గవచ్చు గానీ, రక్తహీనత ముప్పులో తేడా అంతగా లేదని అందులో తేలింది. రక్తహీనతకు కారణాలు అనేకమైనప్పుడు ఒక్క ఇనుముతో అది కదలకపోవడంలో వింత లేదు. రెండో అభ్యంతరం, అవసరం లేనివాళ్ళకు, మగవాళ్ళకు, తలసేమియా ఉన్నవాళ్ళకు కూడా ఎంచుకునే వీలు లేకుండా ఇదే బియ్యం వెళ్ళిందని. తలసేమియా ఉన్నవాళ్ళు డాక్టరు సలహాతోనే తినాలని ప్యాకెట్ల మీద ఉండే హెచ్చరికను నిపుణుల సంఘం పరిశీలన తర్వాత 2024లో తీసేశారు. నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లాడికి రక్తంతో వచ్చే ఇనుము ముందు బియ్యంలోది చాలా చిన్నదన్న మాట లెక్క ప్రకారం సరైనదే. రక్తం ఎక్కించుకోకుండా నెట్టుకొచ్చే మధ్యరకం తలసేమియా వాళ్ళకు మాత్రం ఆ ఓదార్పు చాలదని నా అభిప్రాయం, ఎందుకంటే వాళ్ళ ఒంట్లో ఇనుము పేరుకునేదే తిండిలోంచి.

57 శాతం నిజంగా 57 శాతమేనా

కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికి సూది గుచ్చి తీసిన చుక్కతో కొలిచారు. 2016-18లో పిల్లల మీద జరిగిన సమగ్ర పోషకాహార సర్వేలో నరంలోంచి రక్తం తీసి ల్యాబులో కొలిస్తే 1 నుంచి 4 ఏళ్ళవాళ్ళలో రక్తహీనత 41 శాతమే వచ్చింది. వేలి చుక్క పద్ధతిలో, ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో అది 67 శాతం. వయసులు, ఏడాదులు పూర్తిగా ఒకటి కావు గానీ, వేలిని పిండితే చుక్కలో రసి కలిసి అంకె మారుతుందన్నది కొట్టిపారేయలేని విషయం. ఇంకొందరు గీత దగ్గరే అభ్యంతరం చెబుతారు. ఆ సర్వేలోనే ఆరోగ్యంగా ఉన్న భారతీయ పిల్లల హిమోగ్లోబిన్ చూసి కొత్త గీత వేస్తే, 1 నుంచి 19 ఏళ్ళవాళ్ళలో రక్తహీనత 30 శాతం నుంచి 10.8 శాతానికి దిగిందని 2021లో ఒక పరిశోధన వచ్చింది. గీత దించితే నిజంగా లోటు ఉన్న పిల్లలు లెక్కలోంచి జారిపోతారని అవతలి పక్షం భయం. ఏ గీత అయినా, నరం రక్తంతో కొలవాలన్న దాంట్లో ఇప్పుడు పెద్దగా తగువు లేదు.

మేనరికంలో తలసేమియా లెక్క

మన వైపు మేనమామకిచ్చి చేయడం, మేనబావకిచ్చి చేయడం ఇంకా ఉన్నాయి కాబట్టి ఇదొక్కటి విడిగా చూడాలి. ఒక అవ్వ తలసేమియా జన్యువు మోస్తోంది, తాతకు లేదు అనుకుందాం. ఆమె కొడుక్కి అది వచ్చే అవకాశం సగం. కూతురికి సగం, ఆ కూతురి కూతురికి పావు. కొడుకు ఆ మేనకోడల్ని చేసుకుంటే ఇద్దరూ మోసేవాళ్ళయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇద్దరూ మోసేవాళ్ళయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు పూర్తి జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. రెండూ హెచ్చవేస్తే 32లో 1. అదే కొడుకు బయటి సంబంధం చేసుకుంటే, నూటికి నలుగురు మోసేవాళ్ళున్నారనుకున్నా, 200లో 1.

అవ్వకు జన్యువు ఉన్నట్టు ఎవరికీ తెలియకపోవడమే అసలు చిక్కు. ఆమెను జీవితాంతం ‘కొంచెం రక్తం తక్కువ మనిషి’ అనుకునే ఉంటారు. పెళ్ళికి ముందు హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయిస్తే తెలుస్తుంది గానీ, అందులోనూ ఇనుము వచ్చి అడ్డం పడుతుంది: ఒంట్లో ఇనుము బాగా తక్కువుంటే ఏ2 కూడా తగ్గి, ఉన్న జన్యువు లేనట్టు కనిపించవచ్చు. అందుకే 3.3, 3.4 దగ్గర ఆగిన రిపోర్టును హెమటాలజిస్టులు అంత తేలిగ్గా నమ్మరు. ముందు ఇనుము లోటు తీర్చి, కొన్ని నెలలాగి అదే పరీక్ష మళ్ళీ చేయిస్తారు, ఇంకా తేలకపోతే జన్యు పరీక్షకు పంపుతారు. ముహూర్తం పెట్టుకున్నాక ల్యాబుకి వెళ్ళినవాళ్ళకు ఆ కొన్ని నెలలు దొరకవు.